మైట్రల్ వాల్వ్ ఆపరేషన్ చిన్న కోతతో చేయిస్తే, నెలకే సింహాచలం మెట్లెక్కొచ్చా?

మీరు అడిగింది ఇదీ: గాజువాకలో ఉంటున్న మీ నాన్నగారికి 58 ఏళ్లు. గుండెలో ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వ్ (కవాటం) తీసి మెటల్ వాల్వ్ వేయాలన్నారు. ఛాతీ ఎముక కోయకుండా పక్కటెముకల మధ్య నుంచి చేస్తామన్నారు, ఖర్చు ఎక్కువ. అంత పెట్టడం దండగా? నెల తిరిగేసరికి మొక్కు తీర్చుకోవచ్చా?

దండగ కాదు. కానీ చిన్నది కోతే, ఆపరేషన్ కాదు. కుడి రొమ్ము పక్కన 5 నుంచి 7 సెంటీమీటర్లు కోస్తారు. లోపల మాత్రం గుండెను ఆపి, దాని పనీ ఊపిరితిత్తుల పనీ చేసే హార్ట్-లంగ్ మెషిన్ మీద పెట్టి, ఎముక కోసి చేసినప్పటిలాగే కొత్త వాల్వ్ కుడతారు. మెషిన్ గొట్టాలు వెళ్లేది గజ్జల్లోని రక్తనాళాల గుండా. అందుకే కాళ్ల రక్తనాళాలకు ముందే సీటీ యాంజియో (రక్తనాళాలను చూపే స్కాన్) తీయాలి. పూడికలు ఉంటే ఆ దారి పనికిరాదు. ఎప్పుడో టీబీ వచ్చి కుడి ఊపిరితిత్తి ఛాతీ గోడకు అతుక్కుపోయినా కష్టమే, ఆ సంగతి డాక్టరుకు దాచకండి. మధ్యలో ఇబ్బంది వస్తే ఎముక కోయాల్సి రావచ్చు. సంతకం పెట్టే కాగితంలో అదీ రాసి ఉంటుంది, చదవకుండా పెట్టేస్తారు మనవాళ్లు. పంటి పరీక్ష కూడా ముందే చేయించండి. పుచ్చుపన్నులో ఉన్న క్రిమి కొత్త వాల్వ్ మీద చేరితే మళ్లీ మొదటికొస్తుంది.

లాభం ఎక్కడంటే, ఎముక అతుక్కోవడానికి పట్టే రెండు మూడు నెలలు కలిసొస్తాయి. పక్కకు తిరిగి పడుకోవచ్చు, చేతులు ఊని లేవొచ్చు. మొదటి మూడు నాలుగు రోజులు నొప్పి మాత్రం ఎముక కోసినవాళ్ల కంటే ఎక్కువే ఉండొచ్చు, పక్కటెముకల కింద నరాలు ఉంటాయి కదా. అసలు చిక్కంతా ఆ నొప్పితోనే.

మూడు బంతుల ఊపిరి యంత్రం ఇస్తారు చూడండి, వార్డులో ఏ మంచం దగ్గర చూసినా ఒకటే దృశ్యం. కొడుకు దాన్ని నోటి దగ్గర పెట్టి "ఊదు నాన్నా, ఇంకా గట్టిగా ఊదు" అంటాడు. ఆయన బుగ్గలు పూరించి ఊదుతాడు. బంతి కదలదు. మిషన్ పాడైందని సిస్టర్‌తో తగువు. అది ఊదేది కాదు, పీల్చేది! కొబ్బరిబొండంలో స్ట్రా పెట్టి లాగినట్టు నెమ్మదిగా లాగాలి. మూడు బంతులూ ఒక్కసారి ఎగిరిపడితే గొప్పేం లేదు. ఒకటో రెండో లేచి మూడు సెకన్లు పైన నిలబడాలి. మేలుకున్న ప్రతి గంటకూ పదిసార్లు. ఆపరేషన్‌లో కుడి ఊపిరితిత్తిని గాలి తీసి ముడిచేసి ఉంచుతారు. తర్వాత నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీస్తే దాని అడుగుభాగం తెరుచుకోదు, కఫం చేరుతుంది, జ్వరం మొదలవుతుంది. పారాసెటమాల్ వేళ తప్పకుండా వేసి, అరగంట ఆగి చేయించండి. దగ్గేటప్పుడు దిండును కోత మీద అదిమి పట్టుకోమనండి.

ఇంటికొచ్చాక అందరూ ఛాతీ కోతనే చూస్తారు, గజ్జ ఎవరూ చూడరు. విశాఖ ఉక్కపోతకు ముందు చెమ్మ పట్టేది అక్కడే. స్నానం అయ్యాక అద్ది తుడవాలి, రుద్దకూడదు. వదులు లుంగీ మేలు. పల్చటి పసుపు నీరు కారుతుంటే నొక్కకుండా డాక్టరుకు చూపించండి. ఎర్రబడినా, చీము పట్టినా, పాదం చల్లబడినా ఆ రోజే వెళ్లాలి.

మెటల్ వాల్వ్ మీద రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమో వార్ఫరినో జీవితాంతం వాడాలి. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే పరీక్ష ఐఎన్ఆర్. మైట్రల్‌లో దాన్ని సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచమంటారు. పరీక్ష పొద్దున, మాత్ర సాయంత్రం. అలా అయితే రిపోర్టు చూసి అదే రోజు మోతాదు మార్చొచ్చు. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు వేయకండి. ఆకుకూరలు మానేయమనే సలహా శుద్ధ తప్పు. వారానికి రెండుసార్లు తోటకూర తినేవారు అలాగే తినాలి. ఆషాఢం వచ్చిందని నాలుగు రోజులు వరుసగా మునగాకు పెడితే ఐఎన్ఆర్ పడిపోవచ్చు, వాల్వ్ మీద గడ్డ కట్టొచ్చు. రాత్రిపూట ఛాతీలో వినిపించే మెటల్ వాల్వ్ టిక్ టిక్ ఉన్నట్టుండి మూగబోయి ఆయాసం వస్తే, మూతి వంకర పోయినా, మాట తడబడినా, తెల్లారనివ్వకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. మెడికల్ షాపులో ఒళ్లునొప్పుల బిళ్ల అడిగి వేసుకోవడం ఇంకో దరిద్రం. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఎసిట్రోమ్‌తో కలిస్తే కడుపులో రక్తం కారొచ్చు. వాట్సాప్‌లో వచ్చే వెల్లుల్లి కషాయం సంగతి సరేసరి.

రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చి, టిఫిన్‌కు ముందు బరువు చూసి రాయండి. రాత్రికి రాత్రి కిలో, కిలోన్నర పెరిగితే అది ఒళ్లు కాదు, నీరు. చాలాసార్లు ముందురోజు కంచంలో ఉప్పుచేపో ఆవకాయో ఉంటుంది.

నడక ఇంట్లోనే ఐదు నిమిషాలు, రోజుకు మూడుసార్లు మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. అరగంటకు చేరాక బీచ్ రోడ్డులో కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ వైపు చదునుగా నడవొచ్చు, పక్కవాళ్లతో మాట్లాడుతూ నడవగలిగే వేగం చాలు.

ఇక సింహాచలం. నెలకు మెట్లదారి వద్దు, కొండ మీదికి బస్సులో వెళ్లండి. మెట్లు మూడు నెలలు దాటి, ఎకో (గుండె స్కాన్) చూసి డాక్టరు సరేనన్నాకే. తలనీలాల మొక్కు ఉంటే బయల్దేరే ముందు వారంలో ఐఎన్ఆర్ చూసుకుని వెళ్లండి, కొత్త బ్లేడు వేయించండి. రక్తం పల్చబడే మందు వాడుతున్నారని మంగలికి ముందే చెప్పండి. గాటు పడితే పసుపు అద్దకుండా శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కిపెట్టాలి.