స్కాట్లండ్ విమర్శకుడు ఫ్రాన్సిస్ జెఫ్రీ ఉత్తరాలు చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? విమర్శ వ్యాసాలు చాలవా?

వ్యాసాలు చాలవు. 'ఎడిన్‌బరో రివ్యూ' పత్రికకి 1803 నుంచి 1829 దాకా సంపాదకుడిగా ఉన్న జెఫ్రీ అనగానే గుర్తొచ్చేది 1814లో వర్డ్స్‌వర్త్ కావ్యం మీద రాసిన సమీక్ష. మొదటి వాక్యమే 'ఇలా అయితే కుదరదు' అన్న ధోరణిలో ఉంటుంది. ఉత్తరాల్లో కనిపించే మనిషి వేరు. డికెన్స్ నవలలో చిన్నారి పాల్ డాంబీ చనిపోయిన భాగం చదివి వెక్కి వెక్కి ఏడ్చానని 1847లో నేరుగా ఆ రచయితకే రాశారు. అప్పటికి జెఫ్రీ వయసు 73, పైగా జడ్జి!

మొదట లార్డ్ కాక్‌బర్న్ 1852లో తెచ్చిన జీవితచరిత్ర చూడండి. రెండు సంపుటాలు, రెండోది ఉత్తరాలదే. కాకపోతే అది ఆప్తమిత్రుడి ఎంపిక, అన్నీ ఉంటాయనుకోకండి.

నా ఓటు మాత్రం రచయిత థామస్ కార్లైల్ దంపతులకు రాసిన ఉత్తరాలకే. విలియం క్రిస్టీ సంపాదకత్వంలో 2008లో వచ్చాయి. కార్లైల్ శైలి జెఫ్రీకి మింగుడుపడేది కాదు, 1828లో కవి బర్న్స్ మీద కార్లైల్ పత్రికకి పంపిన వ్యాసాన్ని కత్తిరించబోతే ఇద్దరికీ పేచీ వచ్చింది. అయినా ఇబ్బందుల్లో ఉన్నాడని ఏడాదికి 100 పౌండ్లు ఇస్తానన్నదీ జెఫ్రీయే. కార్లైల్ వద్దన్నాడు, అది వేరే సంగతి.

అన్నట్టు, జెఫ్రీ చేతిరాత మహా ఘోరం. ఎటు నుంచి చదివినా ఒక్క ముక్కా అర్థం కాలేదని మిత్రుడు సిడ్నీ స్మిత్ వేళాకోళం చేశాడట. అచ్చులో చదువుతున్నాం కాబట్టి మనకా టెన్షన్ లేదు.