పాత రైడింగ్ మోవర్ 'యాజ్ ఈజ్' అంటున్నారు, సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, నమస్కారం. టెక్సాస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఇల్లు కొన్నాం. స్థలం ఎకరంపావు. తోసే మోవర్‌తో రెండు వారాలు గడ్డి కోసేసరికి నడుం పట్టేసింది. కూర్చుని నడిపేది కొత్తదైతే స్టోర్‌లో 2,600 డాలర్లు. మా వీధి చివరాయన మూడేళ్ల పాతది 1,400కి ఇస్తానంటున్నాడు గానీ 'యాజ్ ఈజ్' (ఉన్నది ఉన్నట్టు, తర్వాత ఏం జరిగినా తన పూచీ లేదు) అన్న కాగితం మీద సంతకం పెట్టమంటున్నాడు. లోన్ మీద కొన్నాడట, తీరిపోయిందట. సీటు మీంచి లేచినా ఇంజిన్ ఆగకుండా వైర్లు కలిపేశానని, దిగి కొమ్మలు ఏరుకోవడానికి హాయిగా ఉంటుందని చెప్పాడు. వారానికే ఇంజిన్ పోతే కేసు వేయొచ్చా? ఏది కొనమంటారు?

జవాబు: కేసు ఎవరైనా వేయొచ్చండీ, గెలిచి డబ్బు చేతికి తెచ్చుకోవడమే కష్టం. ముందు ఒక భ్రమ తీసేస్తాను. చాలామంది ఫోన్ చేసి "లెమన్ లా (లోపాలున్న బండి కొన్నవాళ్లని కాపాడే చట్టం) ఉంది కదా" అంటారు. టెక్సాస్ లెమన్ లా కార్లు, ట్రక్కులు, మోటార్ సైకిళ్ల లాంటి వాటికి, గడ్డి కోసే బండికి కాదు. మీకు వర్తించేది సరుకుల అమ్మకం చట్టం, అంటే బిజినెస్ అండ్ కామర్స్ కోడ్ 2వ అధ్యాయం. అందులో 2.314 సెక్షన్ ప్రకారం, అమ్మిన వస్తువు మామూలు వాడకానికి పనికొస్తుందన్న గ్యారంటీ, ఎవరూ నోటితో చెప్పకపోయినా, ఉన్నట్టే లెక్క. కానీ అమ్మేవాడు ఆ సరుకుతో వ్యాపారం చేసేవాడై ఉండాలి. మీ వీధి చివరాయన వ్యాపారి కాదు, తన షెడ్‌లో ఉన్నది అమ్ముకుంటున్నాడు. అంటే 'యాజ్ ఈజ్' కాగితం లేకపోయినా ఆ గ్యారంటీ మీకు లేదు, ఆ కాగితం దాని మీద ఇంకో తాళం అంతే.

అయితే ఆయన అబద్ధం చెప్పి అమ్మితే ఆ కాగితం కాపాడదు. 1995లో ప్రుడెన్షియల్ కేసులో టెక్సాస్ సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: 'యాజ్ ఈజ్' ఒప్పందం మామూలుగా చెల్లుతుంది, మోసపు మాటలతో ఆ సంతకం పెట్టించుకుంటే చెల్లదు. ఇంజిన్ 150 గంటలే నడిచిందని ఆయన అంటే, ఆ మాట అదే కాగితం మీద రాయించండి. గడప దగ్గర నిలబడి చెప్పిన మాట కోర్టులో నిరూపించడం కష్టం. చిన్న దావాలు వినే జస్టిస్ కోర్టులో 20,000 డాలర్ల దాకా లాయర్ లేకుండా మీరే వేసుకోవచ్చు, (నా పొట్ట నేనే కొట్టుకుంటున్నాను) ఈ మాత్రం దానికి లాయర్‌ని పెట్టుకోకండి. తీర్పు వచ్చాక మాత్రం, టెక్సాస్‌లో ఇలాంటి అప్పుకి ఎదుటివాడి జీతం పట్టుకోలేరు, ఉంటున్న ఇల్లు ముట్టుకోలేరు. గోడకి ఫ్రేమ్ కట్టించుకునే తీర్పులు నా క్లయింట్ల దగ్గర చాలానే ఉన్నాయి.

లోన్ సంగతి మీరు ఒక్క వాక్యంలో రాశారు గానీ నాకు అక్కడే టెన్షన్, అది తీరకపోయి ఉంటే అప్పిచ్చినవాళ్లు బండి కోసం మీ దగ్గరికే రావచ్చు. కారుకి ఉన్నట్టు మోవర్‌కి టైటిల్ కాగితం (ఎవరిదో చెప్పే పత్రం) ఉండదు, అప్పు ఉందో లేదో దాన్ని చూస్తే తెలియదు. సొంత వాడకానికి కొన్నవాడి దగ్గర, సొంత వాడకానికే, అప్పు సంగతి తెలియకుండా, డబ్బిచ్చి కొనుక్కున్నవాడికి చట్టంలో ఒక రక్షణ ఉంది, గరాజ్ సేల్ రూల్ అంటాం. అప్పిచ్చినవాళ్లు ముందే రాష్ట్ర సెక్రటరీ ఆఫీసులో ఫైనాన్సింగ్ స్టేట్‌మెంట్ (ఈ వస్తువు మీద మా అప్పు ఉందన్న కాగితం) ఫైల్ చేసి ఉంటే అది పనిచేయదు. మీ విషయంలో ఇంకో చిక్కు, లోన్ మాట ఆయనే మీ చెవిన వేశాడు, రేపు "నాకు తెలియదు" అనడం కష్టం. కాబట్టి అప్పు తీరినట్టు అప్పిచ్చిన కంపెనీ ఇచ్చిన లెటర్ చూపించమనండి. నిజంగా తీరిపోయి ఉంటే ఒక ఫోన్ కాల్‌తో వస్తుంది. అలాగే సీరియల్ నంబర్ ప్లేట్ గీకేసి ఉంటే అక్కడి నుంచే వెనక్కి వచ్చేయండి, దొంగ సరుకు ఎంత మంచి మనసుతో కొన్నా మీది కాదు.

ఇక ఆ వైర్లు. హాయిగా ఉంటుందన్నాడా! సీటు కింద ఆ స్విచ్ ఎందుకుందంటే, మనిషి జారి పడితే బ్లేడ్ తిరుగుతూ ఉండకూడదని. తోసే మోవర్లకి 1982 నుంచి ఫెడరల్ భద్రతా నియమం ఉంది, చెయ్యి వదిలితే 3 సెకన్లలో బ్లేడ్ ఆగాలి. రైడింగ్ మోవర్లు ఆ నియమం కిందకి రావు, తయారీదారులు తమకి తాము పెట్టుకున్న ప్రమాణమే దిక్కు, ఆ స్విచ్ అందులో భాగం. దాన్ని తీసేసిన బండి మీద ప్రమాదం జరిగితే కంపెనీ మీద మీ కేసు దాదాపు పోయినట్టే, "మేం అమ్మినప్పుడు ఇలా లేదు" అంటారు, నిజమే కూడా. అంతకంటే పెద్ద సంగతి, అది తీసేశారని తెలిసీ మీరు ఇంకొకరి చేతికిస్తే నిర్లక్ష్యం మీ మీదకి వస్తుంది. వేసవిలో ఊర్నుంచి మామగారు వస్తారు, "నేను ముప్పై ఏళ్లు ట్రాక్టర్ తోలాను, ఇదెంత" అని ఎక్కుతారు, కాదనగలరా? పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని తిప్పే నాన్నల్ని మా వీధిలోనే చూశాను. 16 ఏళ్లు నిండనివాళ్లు నడపకూడదని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ చెబుతోంది, ఒళ్లో అయితే ఏ వయసూ కాదు. ఇంటి ఇన్సూరెన్స్ మామూలుగా సొంత స్థలంలో పనికి వాడే మోవర్‌ని కవర్ చేస్తుంది గానీ, డబ్బు తీసుకుని పక్కింటి గడ్డి కోశారంటే లెక్క మారుతుంది, పాలసీ తీసి చూడండి.

కొత్తది కొంటే వారంటీ ఉంటుంది. దాన్ని కాచేది 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం. సర్వీసు మా దగ్గరే చేయించాలి, మా ఆయిల్ ఫిల్టరే వేయాలి, లేకపోతే వారంటీ పోతుంది అని స్టోర్‌వాళ్లు భయపెడితే నమ్మకండి, ఉచితంగా ఇస్తే తప్ప అలా షరతు పెట్టకూడదు. ఇలాంటి షరతుల మీదే 2022లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మోటార్ సైకిళ్ల కంపెనీ హార్లీ-డేవిడ్సన్ మీద కూడా చర్య తీసుకుంది. పాతబడ్డ పెట్రోల్ వల్ల కార్బ్యురేటర్ పాడైతే మాత్రం వారంటీ మామూలుగా రాదు. చలికాలమంతా ట్యాంకులో పెట్రోల్ వదిలేసి, ఏప్రిల్‌లో బండి కదలక, 180 డాలర్లు కట్టిన లాయర్ ఒకడు నాకు బాగా తెలుసు, రోజూ అద్దంలో కనిపిస్తాడు. '12 నెలలు వడ్డీ లేదు' అన్న స్టోర్ కార్డు కూడా జాగ్రత్త, చివర్లో 50 డాలర్లు మిగిలినా మొదటి రోజు నుంచి వడ్డీ వేసే రకాలున్నాయి.

మీరు అడగని మూడో దారి ఒకటుంది, నేనైతే అటే వెళ్తాను. మోవర్లు బాగుచేసి అమ్మే డీలర్ దగ్గర వాడినది చూడండి. ఆయన వ్యాపారి, పైన చెప్పిన 2.314 గ్యారంటీ అతుక్కుంటుంది. 'యాజ్ ఈజ్' అని అతనూ తప్పించుకోవచ్చు గానీ (మసాచుసెట్స్‌లో అయితే అదీ కుదరదు), రాతపూర్వక వారంటీ ఇచ్చినా, అమ్మిన 90 రోజుల్లోపు తనే మీతో సర్వీస్ కాంట్రాక్ట్ (డబ్బు తీసుకుని రిపేర్లు చూసుకునే ఒప్పందం) చేసుకున్నా, ఆ మామూలు గ్యారంటీని పూర్తిగా ఎగ్గొట్టడం మాగ్నసన్-మాస్ కుదరనివ్వదు, సెకండ్ హ్యాండ్ అయినా సరే. 90 రోజుల వారంటీ కాగితం మీద రాసిచ్చే డీలర్‌కి 300 ఎక్కువిచ్చినా నాకు బాధ ఉండదు.

వీధి చివరాయనదే కావాలంటే, అప్పు తీరిన లెటర్, ఆయన కొన్న రసీదు, గంటల మీటర్ ఫోటో, కాగితం మీద ఆయన చెప్పిన మాటలు, ఇవన్నీ వచ్చాక, స్విచ్ మళ్లీ బిగించడానికి మెకానిక్ ఎంత అడుగుతాడో అంత 1,400లో తగ్గించి ఇవ్వండి. రీకాల్ అయ్యిందేమో (లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచిందేమో) మోడల్ నంబర్‌తో కన్స్యూమర్ సేఫ్టీ కమిషన్ సైట్‌లో చూడండి. డబ్బు మాత్రం నగదుగా వద్దు, చెక్కు రాసి, కింద గీత మీద సీరియల్ నంబర్ వేయండి.