పాట కట్టడం వచ్చిన అబ్బాయిని ఎటు పంపాలి?

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచి కీబోర్డు నేర్చుకుని లండన్ ట్రినిటీ కాలేజీ వారి సంగీత పరీక్షల్లో ఐదో గ్రేడు పూర్తి చేశాడు. కొంతకాలంగా ల్యాప్‌టాప్‌లో సొంతంగా పాటలు కడుతున్నాడు. ఈఏపీసెట్ రాయనని, చెన్నైలో మ్యూజిక్ ప్రొడక్షన్ కోర్సులో చేరి సంగీత దర్శకుడినవుతానని పట్టుబడుతున్నాడు. వాళ్ల నాన్నగారు ససేమిరా అంటున్నారు. ఇంతలో జానపద పాటల వీడియోలు తీసేవారొకరు వీడి ట్యూను విని, 15,000 రూపాయలిస్తాం, సర్వహక్కులూ రాసివ్వమన్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, మీ అబ్బాయికి ప్రతిభ ఉందో లేదో ఉత్తరం చదివి చెప్పలేను. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లల్లో చాలామందికి మంచి ట్యూన్లు తోస్తాయి. తోచినదాన్ని ఇంకొకరి కథకు, ఇంకొకరి గొంతుకు, ఇంకొకరి గడువుకు సరిపోయేలా మళ్లీ మళ్లీ మార్చి, పూర్తిచేసి, అప్పగించగలిగినవారికే అది జీవనాధారం అవుతుంది. ఆ మార్చే ఓపిక మీవాడికి ఉందని తేలేదాకా చెన్నై ఫీజు కట్టవద్దని నా సలహా.

బయటివారికి కనిపించేది పాట. కానీ సినిమాకు పనిచేసే సంగీత దర్శకుడి సమయంలో పెద్ద భాగం రీరికార్డింగుకు, అంటే నేపథ్య సంగీతానికి పోతుంది. దర్శకుడితో కూర్చుని సినిమా మొత్తం చూసి, ఏ సన్నివేశంలో సంగీతం ఎక్కడ మొదలవాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ అసలు వినిపించకూడదో ముందు రాసుకుంటారు. ఆ తర్వాత మిగిలేది చాలావరకు లెక్కే. సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. నిమిషానికి 120 బీట్ల, అంటే తాళపు దెబ్బల, వేగంలో ఒక్కో బీటుకు అర సెకను, అంటే 12 ఫ్రేములు పడతాయి. సన్నివేశం మొదలై 8 సెకన్లు గడిచాక తలుపు తెరుచుకుంటుందనుకుంటే, 4 బీట్లకు ఒక బార్ చొప్పున అది సరిగ్గా ఐదో బార్ తొలి బీటు మీద పడుతుంది. మర్నాడు ఎడిటరు అంతకు ముందున్న భాగంలో ఒక్క సెకను తీసేస్తే, ఆ తలుపు నాలుగో బార్ మూడో బీటు మీదికి వచ్చి కూర్చుంటుంది. అప్పుడు వేగం కాస్త పెంచాలా, ఒక బార్‌ను రెండు బీట్లకు కుదించాలా, లేక ఆ భాగమంతా కొత్తగా కట్టాలా అన్నది రాత్రికి రాత్రే తేల్చుకోవాలి. ఎంపీసీ చదువు వృథా అయిపోతుందని వాళ్ల నాన్నగారు బెంగపడుతుంటే ఈ సంగతి చెప్పండి.

పాటల విషయానికి వస్తే, మన సినిమాల్లో ఎక్కువగా ట్యూను ముందు పుడుతుంది, మాటలు తర్వాత వస్తాయి. సంగీత దర్శకుడు ‘తననా’ అనో, డమ్మీ లిరిక్స్‌తోనో, అంటే తాత్కాలికంగా తోచిన మాటలతోనో పాడి ఇచ్చినదానికి గేయరచయిత పల్లవి, చరణాలు రాస్తారు. ఇక్కడ తెలుగు హ్రస్వదీర్ఘాలు తెలియనివాడు దొరికిపోతాడు. ‘కల’ అన్న మాటలో మొదటి అక్షరం సాగే స్వరం మీద పడితే వినేవారికి ‘కాల’ అని వినిపిస్తుంది. అలాంటిచోట మాటను మార్చమనడమా, స్వరాన్ని కుదించడమా అన్నది ఇద్దరూ కూర్చుని తేల్చుకోవలసిన పని. కీబోర్డు గ్రేడు పరీక్షలు ఈ విద్య నేర్పవు. మీవాడు తెలుగు పద్యాలు గొంతెత్తి చదువుతాడా అన్నది మీరు రాయలేదు గానీ, నేనైతే మొదట అదే అడుగుతాను.

ఆదాయం గురించి దాపరికం లేకుండా చెప్పాలి. చిన్న సినిమాల్లో ప్యాకేజీ పద్ధతి కనిపిస్తుంది: నిర్మాత ఒక మొత్తం ఇస్తారు, అందులోంచే గాయకులకు, వాద్యకారులకు, కంప్యూటర్‌లో వాద్యధ్వనులు కూర్చే ప్రోగ్రామర్లకు, మిక్సింగ్ ఇంజినీరుకు చెల్లించుకోగా మిగిలినదే సంగీత దర్శకుడిది. లెక్క తప్పితే ఏమీ మిగలదు. నెల జీతంలాంటిది లేని ఈ వృత్తిలో మొదటి కొన్నేళ్లు చాలామంది సొంత పేరుతో బతకరు. ఇంకొకరి దగ్గర కీబోర్డు వాయిస్తూ, ప్రోగ్రామింగ్ చేస్తూ, ప్రకటనలకు జింగిల్స్ కడుతూ గడుపుతారు. 1992లో తొలి సినిమా రావడానికి ముందు ఏ.ఆర్.రెహమాన్ చేసినది అదే. అంతకు ముందు తరంలో, విజయనగరంలో శాస్త్రీయంగా సంగీతం నేర్చుకుని మద్రాసు వెళ్లిన ఘంటసాల కూడా బృందగానాల్లో పాడి, చిన్న వేషాలు వేసిన తర్వాతే సంగీత దర్శకుడయ్యారు. ఇప్పుడు కొత్తగా చేరిన ఇబ్బంది ఏమిటంటే, చవకగా కావలసిన నేపథ్య సంగీతాన్ని కృత్రిమ మేధ పనిముట్లు నిమిషాల్లో తయారుచేసి ఇస్తున్నాయి. కొత్తవారికి చేయి తిరిగేలా చేసే చిన్న పనుల మీద ఆ ప్రభావం ముందుగా పడుతుందని నా అంచనా.

అందుకే ఇప్పటికి విశాఖలోనే ఉండమంటాను. ఈఏపీసెట్ రాయనివ్వండి, రాసినంత మాత్రాన పోయేదేమీ లేదు. కానీ ర్యాంకు వచ్చింది కదా అని నాలుగేళ్ల ఇంజినీరింగులోకి తోసేయవద్దని వాళ్ల నాన్నగారికి నా మాటగా చెప్పండి. సాయంత్రాలు ఖాళీగా ఉండే డిగ్రీ ఏదైనా, నగరంలోని మంచి కాలేజీలో చేరితే చాలు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సంగీత విభాగం ఉంది. 1919లో మొదలైన విజయనగరం మహారాజా సంగీత కళాశాల గంటన్నర ప్రయాణంలోనే ఉంది. ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామినాయుడు వంటి మహామహులు ప్రిన్సిపాళ్లుగా పనిచేసిన చోటు అది. పాశ్చాత్య సంగీతం ఐదో గ్రేడు వరకు చదివిన పిల్లవాడు మూడేళ్లు కర్ణాటక గాత్రమో, వయొలినో గురుముఖతః నేర్చుకుంటే, రాగం విషయంలో అతడికి వచ్చే పట్టు ఏ సాఫ్ట్‌వేరుతోనూ రాదు.

దానికి తోడు ఉత్తరాంధ్ర జానపద కళలు అతడి ముంగిట్లోనే ఉన్నాయి. తప్పెటగుళ్ల నడకలు, జముకుల కథలో జముకు అనే వాద్యం పలికే తీరు, అరకు వైపు థింసా అడుగుల లయ – ఇవన్నీ శాంపిల్ లైబ్రరీల్లో, అంటే ముందే రికార్డు చేసి ఉంచిన ధ్వనుల సంకలనాల్లో దొరకవు, దొరికినా జీవం ఉండదు. అనుమతి అడిగి, కళాకారులకు తగిన పారితోషికం ఇచ్చి, దగ్గర కూర్చుని రికార్డు చేసుకోవడం నేర్చుకోమనండి.

అసలు పరీక్ష ఇలా పెట్టండి. పబ్లిక్ పరీక్షలు అయ్యాక, నగరంలో షార్ట్ ఫిల్ములు తీసే కాలేజీ కుర్రాళ్ల దగ్గర మూడు నిమిషాల మాటల సన్నివేశం ఒకటి తీసుకుని దానికి సంగీతం కట్టమనండి. వారు బాగాలేదంటారు, మార్చమంటారు, మార్చాక మొదటిదే బాగుందంటారు. గడువు లోపల, అలగకుండా, మూడో రూపం కూడా శ్రద్ధగా ఇచ్చాడా అన్నది గమనించండి. ఒక నృత్య ప్రదర్శనకు, ఒక నాటకానికి, ఊళ్లో ఒక దుకాణం ప్రకటనకు కూడా ఇలాగే పనిచేసి, పూర్తయిన పనులు అరడజను చేతిలో ఉంచుకుంటే, ఆ తర్వాత చెన్నైలో రెహమాన్ 2008లో స్థాపించిన కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీకి వెళ్లినా, మరో సంస్థకు వెళ్లినా ఏం నేర్చుకోవాలో తెలిసి వెళతాడు. అప్పుడు ఖర్చు పెట్టినా అర్థం ఉంటుంది. ఈలోగా పరికరాల కోసం అప్పు చేయకండి; ఉన్న ల్యాప్‌టాప్, మంచి హెడ్‌ఫోన్లు, మైకు శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక మైకు, రీపర్ వంటి తక్కువ ధర సాఫ్ట్‌వేరు సరిపోతాయి.

ఇక ఆ 15,000 రూపాయల కాగితం సంగతి. మీరు ఆఖర్న రాసినా అన్నిటికన్నా తొందరగా చూడవలసినది ఇదే. 18 ఏళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదు కాబట్టి, అబ్బాయి చేత సంతకం పెట్టించవద్దు. సంతకం అవసరమైతే సంరక్షకులుగా మీరు పెట్టాలి, అదీ న్యాయవాదికి చూపించాకే. పాటలో రెండు వేర్వేరు హక్కులుంటాయని అబ్బాయికి కూడా తెలియాలి: ట్యూను మీద హక్కు స్వరకర్తది, రికార్డింగు మీద హక్కు మామూలుగా దాన్ని తీయించిన నిర్మాతది. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత, స్వరకర్త తన హక్కులు రాసిచ్చినా, రాయల్టీలో, అంటే పాటను వాడుకున్నందుకు వచ్చే సొమ్ములో, సమాన వాటా అందుకునే హక్కును వదులుకోవడానికి వీల్లేదు. దాన్ని వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప మరొకరికి రాసివ్వకూడదు. ఆ రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ 1969లో ఏర్పడిన ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ, క్లుప్తంగా ఐపీఆర్ఎస్. పాట విడుదలయ్యాక అందులో సభ్యత్వం గురించి తప్పక విచారించండి.

కాబట్టి ‘సర్వహక్కులూ’ అన్న ఒక్క ముక్కతో తృప్తిపడకుండా, ఏ పాట, ఎన్నేళ్లకు, ఏ ప్రాంతానికి, రాయల్టీ ఎంత అన్నవి విడివిడిగా రాయించండి. కాలవ్యవధి రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగా భావిస్తుంది. వీడియోలో స్వరకర్తగా అబ్బాయి పేరు వేయాలని కూడా రాయించండి. ఇంకొక్కటి మీరు అబ్బాయినే నేరుగా అడగాలి: ఆ ట్యూను పూర్తిగా తనదేనా, లేక ఎక్కడో విన్న జానపద బాణీ మీద కట్టినదా? ఇలాంటి ఒప్పందాల్లో ‘ఇది నా సొంత రచన, వివాదం వస్తే నష్టమంతా నాదే’ అన్న షరతు తరచుగా ఉంటుంది. బాణీ పాతదైతే ఆ మాట కాగితం మీదే స్పష్టంగా రాయించి, ఆ షరతును తీయించాకే డబ్బు అందుకోండి. తీయడానికి వారు ఒప్పుకోకపోతే ఆ పాట ఇవ్వకండి, వేరే ట్యూను కట్టి ఇవ్వమనండి.