అడిగినప్పుడు ‘విత్’, అయిపోయాక ‘మై’

ప్రశ్న: ఆఫీసులో ఒకరు ‘థాంక్యూ’ అంటే నేను ‘విత్ ప్లెజర్’ అన్నాను. పక్క సీటావిడ నవ్వింది. అందులో తప్పేముంది? ఇంకో సందేహం. గవర్నర్ ‘డ్యూరింగ్ ద ప్లెజర్ ఆఫ్ ద ప్రెసిడెంట్’ పదవిలో ఉంటారని రాజ్యాంగంలో చదివాను. రాష్ట్రపతి సంతోషానికీ, ఆ పదవికీ ఏమిటి సంబంధం?
– పోటీ పరీక్షలకు చదువుతున్న ఓ ఉద్యోగిని

జవాబు: నవ్వేంత తప్పేం కాదులెండి. మాట కాస్త ఆలస్యంగా వచ్చింది, అంతే. ‘ఈ ఫైలు కొంచెం చూసిపెడతారా?’ అని ఎవరైనా అడిగితే ‘విత్ ప్లెజర్’ అంటారు. ‘దానికేం, తప్పకుండా’ అన్నట్టు. పనయ్యాక వాళ్లు థాంక్స్ చెబితే ‘మై ప్లెజర్’. ‘ద ప్లెజర్ ఈజ్ ఆల్ మైన్’ అని మరో పెద్ద మాట ఉంది గానీ, పెన్ను అందించినందుకు అంత మర్యాద చేస్తే నాటకంలా ఉంటుంది.

కొత్తవారు పరిచయం కాగానే ‘ప్లెజర్ టు మీట్ యు’. సెలవు తీసుకునేటప్పుడు ‘ఇట్ వజ్ ఎ ప్లెజర్ మీటింగ్ యు’. ఇదివరకే తెలిసినవారితో ‘మీట్’ వద్దు, ‘సీ’ అనండి. లేకపోతే మీరు వాళ్లను మరిచిపోయారనుకుంటారు.

నాకు వచ్చే ఉత్తరాల్లో ‘ఐ యామ్ ప్లెజర్ టు ఇన్‌ఫామ్ యు’ అనే వాక్యం తరచూ కనిపిస్తుంది. అక్కడ ఉండాల్సింది ‘ప్లీజ్డ్’. దాన్ని సరిదిద్దబోయి ‘ప్లెజర్డ్’ చేసేవారూ ఉన్నారు. ఆ పని అస్సలు చేయకండి! ప్లెజర్‌ను క్రియగా వాడితే ఇప్పటి ఇంగ్లీషులో ఎక్కువగా పడకగది అర్థమే వస్తుంది. ఇంటర్వ్యూలో అనేరు సుమా.

అడగలేదు గానీ, ఉచ్చారణ గురించి కూడా ఓ ముక్క. మధ్యలో ఉన్నది ‘ష’ కాదు, అచ్చంగా ‘జ’ కూడా కాదు. ‘మెజర్’, ‘విజన్’ మాటల్లోని ధ్వని. మనకు దానికి అక్షరం లేదు. ‘ష్’ అంటూనే గొంతు మోగించి చూడండి, అదే వస్తుంది.

ఇక రాజ్యాంగం. అక్కడ ప్లెజర్ అంటే సంతోషం కాదు, ఇష్టం. ‘ప్రభువుల చిత్తం’ అంటామే, ఆ చిత్తం. ఇంగ్లండులో రాజుగారి కొలువు ఆయన ఇష్టమున్నంత కాలమే. అదే మాట మన 156వ అధికరణంలో గవర్నర్‌కూ, 310లో ప్రభుత్వోద్యోగులకూ వచ్చింది. బ్రిటన్‌లో జైల్లో ఉన్నవాణ్ణి ‘ఎట్ హిజ్ మెజెస్టీస్ ప్లెజర్’ ఉన్నాడని ఇప్పటికీ అంటారు. పాపం, అందులో ఖైదీ సంతోషం ఏమీ లేదు! అయితే ఉద్యోగుల విషయంలో ఆ చిత్తానికి 311వ అధికరణం కళ్లెం వేసింది. కొన్ని మినహాయింపులు తప్ప, విచారణ జరపకుండా సివిల్ ఉద్యోగిని డిస్మిస్ చేయడానికి వీల్లేదు. పరీక్షలో 310 గురించి అడిగితే 311 కూడా కలిపి రాయండి.