అవగాహన కల్పించేముందు: పెద్దమ్మ ఉత్తరం

చిన్నీ,

ఊళ్ళో పెట్టబోయే సంఘం గురించి నువ్వు పంపిన కాగితం చదివాను. సంఘానికి పేరుంది, లోగో ఉంది, ఆశయాలు పన్నెండున్నాయి. ఊళ్ళోవాళ్ళు వచ్చి ఎక్కడ కూర్చుంటారో మాత్రం లేదు. నేనైతే అక్కడినుంచే మొదలుపెడతాను.

మీటింగులు రామాలయం మండపంలో పెట్టుకోండి, ఫ్యాన్లున్నాయని మీ నాన్న చెప్పే ఉంటాడు. ఫ్యాన్లున్న మాట నిజమే. కానీ ఎస్సీ కాలనీ నుంచి ఎంతమంది ఆ మెట్లెక్కి మధ్యలో కూర్చుంటారు? రావద్దని ఎవరూ అనరు. వచ్చినవాళ్ళు చివర గోడవారన నిలబడతారు, నోరు విప్పరు, మళ్ళీ రారు. అప్పుడు మనవాళ్ళు "పిలిచాం, వాళ్ళకే ఇంట్రెస్ట్ లేదు" అంటారు. చర్చిలో పెడితే ఇటువాళ్ళు రారు. ప్రెసిడెంటు ఇంటి ముందు పెడితే ఓడిపోయినాయన వర్గం గడప దాటదు. బడి వరండా మంచిది, హెడ్మాస్టరుగారికి ముందే కాగితం రాసి అనుమతి తీసుకోండి. అది కుదరకపోతే ఒక వారం ఊళ్ళో, ఒక వారం కాలనీలో. కాలనీలో కూర్చున్న రోజు అక్కడిచ్చిన టీ మీ బృందం అంతా తాగుతుందా లేదా అన్నదానితో కులనిర్మూలన అన్న మీ మొదటి ఆశయం సంగతి తేలిపోతుంది. 1985లో కారంచేడులో గొడవ మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైంది, ఆ మర్నాడు ఆరుగురు దళితుల్ని చంపారు. నీళ్ళు, టీ, కూర్చునే చోటు చిన్న విషయాలని ఎవరైనా అంటే అందుకే నాకు ఒళ్ళు మండుతుంది.

టైము కూడా మార్చు. ఆదివారం ఉదయం పదింటికని రాశావు. ఆ వేళకి ఆడవాళ్ళు పొయ్యి దగ్గర ఉంటారు, కొందరు ప్రార్థనకి పోతారు, కూలికి పోయేవాళ్ళకి అసలు ఆదివారమే ఉండదు. రాత్రి భోజనాలయ్యాక పెట్టండి. సీరియల్ టైము అడ్డమొస్తే సీరియల్ అయ్యాకే పెట్టండి, తప్పేం లేదు.

ఇక అసలు సంగతి. నీ కాగితంలో "ప్రజల్లో అవగాహన కల్పించడం" అన్న మాట అడుగడుగునా ఉంది. 1991లో మన నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైనప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్ని, రాత్రి బడి చూసేదాన్ని. సారా మాన్పించమని మాకెవరూ చెప్పలేదు. అక్షరాలు నేర్పమన్నారు. కూలి డబ్బు సారాకి పోయే సంగతి వాచకంలో వచ్చేది. పాఠం అయ్యాక "మన ఊళ్ళో ఎట్లా ఉంది?" అని అడిగి ఊరుకోవాలి. ఆ ఊరుకోవడమే కష్టం, టీచర్లకి మరీ కష్టం. మొదట ఎవరూ పలకరు. తర్వాత ఒకామె అంటుంది, ఇంకొకామె అందుకుంటుంది, ఇక ఆగదు. తాగొచ్చి కొట్టే మొగుడి గురించి ఆమెకి మనం అవగాహన కల్పించేదేముంది? పక్కింటామె కూడా అదే పడుతోందనీ, పదిమంది కలిస్తే దాన్ని ఆపొచ్చనీ మాత్రం ఆమెకి తెలియదు. అది తెలుసుకోవడానికి ఒక చోటు కావాలి. ఆ చోటుని కాపాడడమే మీ సంఘం పని. మిగతాది వాళ్ళు చూసుకుంటారు.

చూసుకున్నారు కూడా. దూబగుంటలో రోసమ్మ, ఆమెతోటి ఆడవాళ్ళు సారా అమ్మకం ఆపించారు. ఆ సంగతే తర్వాత వాచకంలో పాఠమైంది. చదివినవాళ్ళు "వాళ్ళు చేసింది మనం చెయ్యలేమా" అన్నారు. ఆడవాళ్ళు అడ్డుపడడంతో 1992లో జిల్లాలో సారా దుకాణాల వేలంపాటలు వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో మన జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది.

1997లో ఆ నిషేధం ఎత్తేశారు. ఖజానాకి నష్టమన్నారు, దొంగసారా పెరిగిందన్నారు. ఆ వాదనల్లో నిజమెంతో నీతో కూర్చుని మాట్లాడతాను గానీ, సంఘం పెట్టేవాళ్ళు చూడాల్సింది వేరే ఉంది. గెలిచాక చాలా ఊళ్ళలో సారా మీద పోరాడిన కమిటీలు చెదిరిపోయాయి, ఇక పనేముందిలే అని. నిలబడింది పొదుపు చేసుకున్నవాళ్ళు. రోజుకో రూపాయి దాచే పొదుపు సంఘాలు ఈ జిల్లాలోనే ఊపందుకున్నాయి. సారా మీద గెలిచిన ఆడవాళ్ళకి నెలనెలా కలిసి కూర్చోవడానికి అదో కారణమైంది. కాబట్టి మీరు ఏ పని ఎత్తుకున్నా అది అయిపోగానే రెండోది ఉండాలి. ఓడిపోయినా ఉండాలి.

మొదటిది మాత్రం చిన్నది ఎంచుకోండి. రెండు మూడు నెలల్లో తేలేది. వీధిలైట్లో, ట్యాంకు కడిగించడమో. కులనిర్మూలనతో మొదలుపెడితే ఏడాది తర్వాత చూపించడానికి ఫ్లెక్సీ ఒక్కటే మిగులుతుంది. పంచాయతీ సెక్రటరీని ముందు నోటితో అడగండి. ఆయనకీ పైనుంచి సవాలక్ష టెన్షన్లుంటాయి, సగం పనులు అడిగితేనే అవుతాయి. కాకపోతే గ్రామసభలో అందరి ముందూ అడగండి. అప్పటికీ జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తు మీద పింఛను తీసుకునే ముసలామె పేరో, ఉపాధి పనికి పోయే అబ్బాయి పేరో పెట్టకండి. నీ పేరు పెట్టు. నీ జీతం ఈ ఊరివాళ్ళ చేతిలో లేదు.

అన్ని రకాల అభిప్రాయాలూ రానివ్వాలని రాశావు. మంచిదే. రాయడం తేలిక, మీ చిన్నతాత వచ్చి "ఆడపిల్లలకి రాత్రిపూట మీటింగులేంటి" అన్నప్పుడు తెలుస్తుంది. ఆయన్ని రానివ్వండి. కుర్చీ వేసి కూర్చోబెట్టండి. బయటికి పంపితే ఆయన అరుగు మీద ఇంకో మీటింగు పెడతాడు, దానికి మీకంటే ఎక్కువమంది వస్తారు. మాటామాటా పెరిగినప్పుడు ఒక పద్ధతి పెట్టుకోండి: అవతలివాళ్ళు ఏమన్నారో ముందు నీ నోటితో చెప్పాలి, వాళ్ళు "అదే, నేనన్నది అదే" అన్నాకే నీ జవాబు. సగం తగాదాలు అక్కడే చల్లారతాయి. మాట్లాడని ఒకరిని ప్రతి వారం పేరు పెట్టి అడగండి. మీటింగు నడిపే పని వంతులవారీగా మారాలి, ఒక్కరే నడిపితే అది వాళ్ళ సొంత సంఘమైపోతుంది.

అయితే అన్నీ చర్చకి పెట్టేవి కావు. కాలనీవాళ్ళు మనతో సమానంగా కూర్చోవచ్చా అన్నదాని మీద చేతులెత్తించడాలు ఉండవు. కులం పేరుతో తిట్టినా, ఇంట్లో ఆడవాళ్ళని లాగినా ఆ పూటకి లేచి వెళ్ళమనండి, ఎవరైనా సరే. చిన్నతాతయినా సరే.

డబ్బు సంగతి రెండు ముక్కల్లో. సభ్యులు తలా పదో ఇరవయ్యో వేసుకోండి, జమాఖర్చు బడి బోర్డు మీద రాయండి. కాంట్రాక్టరు ఇస్తానన్న మైకుసెట్టు వద్దు, ఆయన వేసిన రోడ్డు గురించి అడగాల్సిన రోజొస్తుంది. రిజిస్ట్రేషన్‌కి తొందర లేదు. చట్టప్రకారం ఏడుగురుంటే చాలు, ఎప్పుడైనా చేయించుకోవచ్చు. ఏడాదిపాటు మానకుండా వచ్చే ఏడుగురు ఎవరో ముందు తేలనీ. వాట్సాప్ గ్రూపులో టైమూ చోటూ మాత్రమే పెట్టండి. ముఖాముఖి అనలేని మాటలు జనం అక్కడ తేలిగ్గా అనేస్తారు. ఎన్నికలకి నిలబడే సభ్యులు ఫలితాలు వచ్చేదాకా బాధ్యతలు పక్కన పెట్టాలన్నది ఇప్పుడే రాసుకోండి. నామినేషన్లు పడ్డాక రాసుకుంటే ఫలానావాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాశారంటారు.

నాకు ఎక్కువ దిగులు మీ గురించే. కాగితం మీదున్న ఎనిమిది పేర్లలో అందరూ చదువుకున్నవాళ్ళే, వర్క్ ఫ్రమ్ హోమ్ అయిపోగానే సగంమంది బెంగుళూరో హైదరాబాదో పోతారు. పోవడం తప్పని నేననను, నువ్వూ పోవాల్సిందే. ఊళ్ళోనే ఉండిపోయేవాళ్ళు ఎవరున్నారో చూడు. ఆశా వర్కరుంది, అంగన్‌వాడీ టీచరుంది, పొదుపు సంఘం లీడర్లున్నారు, కాలనీలో ట్రాక్టరు నడిపే కుర్రాళ్ళున్నారు. వాళ్ళని సాయం చెయ్యమని పిలవకండి, నిర్ణయాలు తీసుకునే దగ్గర కూర్చోబెట్టండి. అంగన్‌వాడీ ఆమెకి ఏ ఇంట్లో ఏ పిల్ల బడి మానేసిందో మీ సర్వే కంటే బాగా తెలుసు.

ఆ ఎనిమిది పేర్లలో నాలుగు తీసేసి, ఇలాంటివాళ్ళు నలుగురి పేర్లు రాసి మళ్ళీ పంపు. వాళ్ళని అడక్కుండా రాయకు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ