వంటింటి సందేహాలు: ఇండొనేసియా వంటల ఉత్సవానికి వెళ్లేవారికి

ప్రశ్న: మా ఇంటికి దగ్గరలోని ఒక హోటల్లో ఇండొనేసియా వంటల ఉత్సవం జరుగుతుంటే గత శనివారం కుటుంబమంతా వెళ్లాం. 'గాడో-గాడో' పూర్తి శాకాహారమని వడ్డించిన అబ్బాయి చెప్పాడు కానీ, పక్కన పెట్టిన అప్పడాలు రొయ్యల వాసన వేయడంతో మా అత్తగారు పళ్లెం పక్కకు జరిపేశారు. 'రెండాంగ్' అనే మాంసం కూరలో పులుసన్నదే లేదని, అడుగంటిపోయిందేమోనని మావారు అన్నారు. ఉత్సవం ముగిసేలోగా ఇంకోసారి వెళ్లాలనుంది. ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ అత్తగారి అనుమానం సరైనదేనండీ. గాడో-గాడో అంటే ఉడికించిన క్యాబేజీ, బీన్స్, బంగాళాదుంప, మొలకలు, టోఫు వంటి వాటి మీద చిక్కటి వేరుశనగ పచ్చడి పోసి ఇచ్చే వంటకం. చూడటానికి అందులో మాంసం ముక్క ఉండదు కనుక ఆ అబ్బాయి అబద్ధం చెప్పాడనలేం. అయితే మామూలుగా దాని మీద ఉడికించిన గుడ్డు ఉంటుంది. 'క్రుపుక్' అనే ఆ అప్పడాలను చాలావరకు కర్రపెండలం పిండిలో రొయ్యలు కలిపి చేస్తారు. అన్నిటికన్నా కంటికి కనిపించనిది 'తెరాసి', అంటే పులియబెట్టి ఎండబెట్టిన రొయ్యల ముద్ద. మనం పులిహోరలో ఇంగువ వేసినట్లు వారు సంబల్‌లో, అంటే మిరపకాయల రోటిపచ్చడిలో, ఒక్కోసారి ఈ వేరుశనగ పచ్చడిలో కూడా దానిని చిటికెడు కలుపుతారు. కాబట్టి "ఇది శాకాహారమా?" అని అడిగితే సరిపోదు. "తెరాసి వేశారా?" అని పేరు పెట్టి, వీలైతే వంటవారినే అడగండి. గుడ్డు, అప్పడం లేకుండా ఇమ్మని చెప్పండి.

ఇక రెండాంగ్ అడుగంటలేదు. అలా ఉంటేనే అది రెండాంగ్. పశ్చిమ సుమత్రాలోని మినాంగ్‌కబావు ప్రజల వంటకమిది. కొబ్బరిపాలలో మిరప, అల్లం, దుంపరాష్ట్రం, నిమ్మగడ్డి, పసుపు ఆకు వేసి మాంసాన్ని సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికిస్తారు. పులుసు పలుచగా ఉన్న దశను 'గులాయ్' అని, చిక్కబడి ఇంకా కాస్త తడి మిగిలిన దశను 'కాలియో' అని పిలుస్తారు. ఆ తరువాత కొబ్బరిపాలు నూనెగా విడిపోయి, మసాలా ముక్కకు పట్టి, గోధుమ రంగు దాటి దాదాపు నల్లబడినప్పుడే అది రెండాంగ్ అవుతుంది. నీరు లేకపోవడం వల్ల చాలా రోజులు నిలవ ఉంటుంది. బతుకుతెరువు కోసం ఊరు విడిచి దూరప్రాంతాలకు వెళ్లడం మినాంగ్‌కబావు పురుషుల ఆచారం కనుక, నిలవ ఉండే ఈ కూర వారి ప్రయాణాలకు సరిగ్గా సరిపోయింది. పొరుగూరికి చదువుకు వెళ్లే పిల్లల పెట్టెలో ఆవకాయ సీసా పెట్టే మనకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. అసలు వంటకం గొడ్డుమాంసంతోగాని గేదెమాంసంతోగాని చేసేది కాబట్టి, మీకు పట్టింపు ఉంటే ముందే ఏ మాంసమో కనుక్కోండి. వేటమాంసంతో చేసినదైతే నిశ్చింతగా తినవచ్చు. కోడిమాంసం మాత్రం కొబ్బరిపాలు ఇంకేలోగా చిదికిపోతుందని నా అభిప్రాయం.

ప్రశ్న: అదే ఉత్సవంలో 'టెంపె' అనే పచ్చి దిమ్మను ప్రదర్శనకు పెట్టారు. దాని నిండా తెల్లటి బూజు ఉంది. పాడైపోయిందా?

జవాబు: పాడవలేదు. జావాలో పుట్టిన ఈ పదార్థానికి ఆ బూజే ప్రాణం. సోయాగింజలను నానబెట్టి, పొట్టు తీసి, ఉడికించి, ఆరిన తరువాత రైజోపస్ అనే శిలీంధ్రాన్ని కలిపి అరటాకులో కట్టి ఉంచితే, ఒకటి రెండు రోజుల్లో తెల్లటి పోగులు అల్లుకుని గింజలన్నీ ఒకే దిమ్మగా బిగుసుకుంటాయి. సన్నగా కోసి కరకరలాడేలా వేయించినది అడగండి. మీ అత్తగారికి ఇదే మంచి ఎంపిక, సంబల్ వేయకుండా ఇస్తే.

ప్రశ్న: నాసి గోరెంగ్ మన ఫ్రైడ్ రైస్ వంటిదేనా?

జవాబు: పేరుకు అర్థం అదే: నాసి అంటే అన్నం, గోరెంగ్ అంటే వేయించినది. తాటిబెల్లం తీపి కలిసిన 'కెచాప్ మానిస్' అనే సోయా సాస్ వల్ల రుచి మారుతుంది. అయినా కడుపు దానితో నింపుకోకుండా 'క్లెపోన్'కు చోటు ఉంచుకోండి. జిగురు బియ్యప్పిండి ఉండలో తాటిబెల్లం పెట్టి, ఉడికించి, కొబ్బరికోరులో దొర్లించిన తీపి పదార్థమది. మన పూర్ణం కుడుములాగే ఉంటుంది కానీ, లోపల బెల్లం కరిగి పాకంగా ఉంటుంది కనుక సగం కొరకకుండా మొత్తం నోట్లో వేసుకోండి, లేకపోతే పట్టుచీర మీద పడుతుంది.