"తగ్గకపోతే రండి" అని మాత్రం అనకు

చిరంజీవి రమ్యకు,

పెద్దమ్మ ఆశీస్సులు. పుత్తూరు దగ్గర పల్లెలో సీహెచ్‌ఓగా, అంటే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరుగా చేరుతున్నావని, ముప్పై దాటిన ఆడవాళ్ళకు రొమ్ము క్యాన్సర్ పరీక్షలు చేసే పని కూడా నీదేనని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మన ఇంట్లో నా తరవాత ఈ వృత్తిలోకి వచ్చేది నువ్వే. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. భయం కూడా వేసింది, అందుకే ఈ ఉత్తరం.

పరీక్ష ఎలా చెయ్యాలో నేర్పించే ఉంటారు. తలుపు వెయ్యి, చేతులు కడుక్కో, చంకలు కూడా చూడు. నాకున్న టెన్షనల్లా గడ్డ చేతికి తగిలాక జరిగేదాని గురించే.

నేను చిత్తూరులో డ్యూటీ చేసేటప్పుడు మా వెనక వీధిలో ఒక కోడలు ఉండేది. ముప్పై నిండాయో లేదో. చంటిబిడ్డకు పాలిస్తుంటే ఎడమవైపు గట్టిగా తగిలింది. అత్త పాలగడ్డ అంది. కాపడం పెట్టారు, పాలు తగ్గాలని మల్లెపూలు కట్టారు. ఒక క్లినిక్‌లో చూపిస్తే యాంటీబయాటిక్ రాసి "తగ్గకపోతే రండి" అన్నారు. ఎన్నాళ్ళకు తగ్గకపోతే? వాళ్ళు చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. నొప్పి లేదు కదా అని ఆమె ఊరుకుంది. ఇంతలో మామిడి కోతలొచ్చాయి, కూలీలకు వంట. ఆ తరవాత ఆడబిడ్డ పెళ్ళి. చర్మం ఎర్రబడి చీనీకాయ తొక్క మాదిరి గుంటలు పడ్డాక వేలూరు తీసుకెళ్ళారు. అప్పటికే చంకలోకి పాకింది. బయాప్సీలో, అంటే గడ్డ ముక్క తీసి పరీక్షిస్తే, ట్రిపుల్ నెగటివ్ అనే రకం క్యాన్సర్ అని వచ్చింది. ఆ రకానికి హార్మోన్ మాత్రలు పనిచెయ్యవు, హెర్2 అనే ప్రొటీన్‌ను అడ్డుకునే మందులూ పనిచెయ్యవు. ఎక్కువగా కీమో మీదే ఆధారం. బిడ్డకు రెండో పుట్టినరోజు చెయ్యకుండానే పోయింది.

ఆ అత్తను తప్పు పట్టలేను. పాలిచ్చే తల్లికి చాలాసార్లు అది పాలగడ్డే. కానీ పాలగడ్డైతే మందులతో ఒకటి రెండు వారాల్లో దిగాలి. దిగకపోతే అల్ట్రాసౌండ్, సూది బయాప్సీ చేయించాల్సిందే. పాలిస్తున్నా చెయ్యొచ్చు.

సెంటీమీటరు గడ్డ రెండు సెంటీమీటర్లయితే "కొంచెం పెరిగింది" అంటారు. గుండ్రటిది అడ్డంగా రెండింతలైందంటే మొత్తం ఎనిమిదింతలైనట్టు. స్కాన్లలో కొలిచి చూస్తే ట్రిపుల్ నెగటివ్ గడ్డలు సగటున మూడు నాలుగు నెలలకే మొత్తం పరిమాణంలో రెట్టింపవుతున్నాయి, కొన్నైతే వారాల్లోనే. హార్మోన్ మాత్రలు పనిచేసే రకాలకు ఆర్నెల్లు, అంతకు మించి కూడా పడుతుంది. పోయినేడు మామోగ్రాం (రొమ్ము ఎక్స్‌రే) బాగుంది కదా అని ధైర్యం చెప్పి పంపకు. రెండు పరీక్షల మధ్య బయటపడే వాటిలో ఈ దూకుడు రకాలే ఎక్కువ. గడ్డ కనబడ్డాక మూడు నెలలు దాటిస్తే బతికే అవకాశం తగ్గుతుందని ఏనాడో తేలింది.

అందుకే నువ్వు తేదీ చెప్పు. నోట్‌బుక్కులో పేరు, ఎడమో కుడో, సైజు, మళ్ళీ రావలసిన రోజు రాసుకో. ఆ రోజుకు రాకపోతే ఆశా అమ్మాయిని పంపు, లేదా నువ్వే వెళ్ళు. జాతర అయ్యాక వస్తాం, కోతలయ్యాక వస్తాం అంటే కోప్పడు. గట్టిగానే కోప్పడు, ఏమీ అనుకోరు. సూది గుచ్చితే పాకుతుందని భయపడతారు, అది నిజం కాదని కూర్చోబెట్టి చెప్పు. మొగుడికీ చెప్పు, బస్సు చార్జీ చాలా ఇళ్ళలో ఆయన చేతిలోనే ఉంటుంది. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వాళ్ళ పింక్ బస్సు, అదే ఊళ్ళు తిరిగి క్యాన్సర్ పరీక్షలు చేసే బస్సు, మీవైపు ఎప్పుడొస్తుందో కనుక్కో. కానీ గడ్డ తగిలిన మనిషిని బస్సు వచ్చేదాకా ఆపకు, నేరుగా తిరుపతి పంపు. అలిపిరి దగ్గర టాటా వాళ్ళ క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఉంది. డబ్బు మాటెత్తితే ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ సంగతి చెప్పు.

ఎక్కువ గడ్డలు క్యాన్సర్ కావు తల్లీ. ఆ మాట ముందే చెప్పు. నీ ముఖంలో కంగారు చూస్తే వాళ్ళు మళ్ళీ రారు. వేళకు తిను, పల్లె డ్యూటీలో మధ్యాహ్నం అన్నం మానేసే అలవాటు చేసుకోకు.

మీ అమ్మకు యాభై రెండొచ్చాయి. మామోగ్రాం చేయించుకోవే అంటే "నాకేమైందక్కా" అంటుంది. నా మాట వినదు, నీ మాట వింటుంది. నువ్వు డ్యూటీలో చేరకముందే తీసుకురా. సోమవారం మొదటి బస్సుకు బయల్దేరండి, నేను ముందే వెళ్ళి ఓపీ చీటీ తీసి పెడతా.

మీ పెద్దమ్మ